జగన్నాథ్ మామకు కొట్టిన హారన్

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మా దీవిలోని లౌటోకా ఊళ్ళో ఇరవై రెండేళ్ళు టాక్సీ తోలినవాడికి అది ఇంకెక్కడ ఉంటుంది? అందులోనూ సైకిళ్ళంటే మరీను. రౌండెబౌట్‌లో బస్సులకు దారి ఇస్తాను, మినీ బస్సులకు తిట్టుకుంటూ ఇస్తాను, సైకిలువాడికి ఇవ్వడానికి మాత్రం నాకు మనసొప్పదు. వాడికి పెట్రోలు ఖర్చు లేదు, లైసెన్సు లేదు, తొందర అసలే లేదు. రోడ్డంతా తన పెరడే అన్నట్టు తొక్కుకుంటూ పోతాడు. అప్పట్లో నేను ఇలాగే అనుకునేవాణ్ణి, పైగా గట్టిగా అనేవాణ్ణి. ఇది విన్నాక మీకు నా మీద అసహ్యం పుడితే పుట్టనీయండి. నాకూ పుట్టింది.

జగన్నాథ్ మామ మా అమ్మవైపు దూరపు చుట్టం. మిల్లుకు చెరుకు తెచ్చే రైలు మా ఊరి నడిమధ్యలోంచి పోతుంది. అది రోడ్డు దాటే చోట ఎర్రజెండా పట్టుకుని బళ్ళను ఆపడం ఆయన ఉద్యోగం. ముప్పై ఒక్క సీజన్లు ఆ ఎండలో నిలబడ్డాడు. ఆగడమంటే ఏ డ్రైవరుకూ గిట్టదు, అయినా ఆయన మీద ఎవరూ విసుక్కునేవారు కాదు. రైలు వెళ్ళగానే జెండా చుట్టి చంకలో పెట్టుకుని, కదిలిన ప్రతి బండికీ కుడిచెయ్యి పైకెత్తేవాడు. ఆగినందుకు థాంక్స్ అన్నమాట. డ్రైవర్లు చిన్నగా హారన్ కొట్టి బదులిచ్చేవారు. నేనూ కొట్టేవాణ్ణి.

రిటైరయ్యాక ఆయన సైకిలు మీద మార్కెట్‌కు వచ్చేవాడు. ముప్పై ఏళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది? వెనక ఏ హారన్ మోగినా ఆయన లెక్కలో అది పలకరింపే. తిరిగి కూడా చూడకుండా చెయ్యెత్తేవాడు. మేం టాక్సీలు ఆగే బేస్‌లో కూర్చుని, మామకు హారన్ కొడితే పోలీసు కమిషనర్ సెల్యూట్ కొట్టినట్టే కొడతాడురా అని నవ్వుకునేవాళ్ళం.

1995 ఆగస్టు. చెరుకు సీజన్ మంచి ఊపు మీద ఉంది. ఓ శనివారం పొద్దున సిడ్నీ విమానం అందుకోవాల్సిన పెద్దమనిషి ఒకాయన నా టాక్సీ ఎక్కాడు. రెండు సూట్‌కేసులు, చేతిలో టికెట్టు. నాడీ విమానాశ్రయం దాకా వెళ్ళాలి. రెండు వీధులు దాటామో లేదో రైలు అడ్డం వచ్చింది. చెరుకు పెట్టెలు ఒకదాని వెనక ఒకటి, పావుగంటసేపు. నడుమ అది ఆగిపోయింది కూడా. వెనకసీట్లో పెద్దమనిషి వాచీ చూసుకోవడం, "డ్రైవర్, జల్దీ కరో, ప్లేన్ ఛూట్ జాయీ" అని, విమానం తప్పిపోతుందని నా ప్రాణం తియ్యడం. రైలును నేనేమన్నా తోలుతున్నానా?

రైలు దాటగానే ఆగిన బళ్ళన్నీ ఒక్కసారి రౌండెబౌట్ మీద పడ్డాయి. సరిగ్గా నా ముందు ఒక సైకిలు. కుడివైపు తిరగాలేమో, లైను మధ్యలో మెల్లగా తొక్కుతున్నాడు. తల మీద గుడ్డ టోపీ, ఎడమ హ్యాండిల్‌కు బరువైన కూరల సంచీ. ఎడమ పక్కన చెరుకు లారీ ఒకటి నన్ను దాటుకుంటూ ముందుకు పోతోంది. నాకు అటు సందు లేదు, ఇటు సందు లేదు. ముందున్నది ఎవరా అని నేను చూడలేదు. సైకిలు అని మాత్రమే చూశాను.

హారన్ మీద అరచెయ్యి పెట్టి తియ్యలేదు. "ఏ బుఢవా, హట్ రస్తా సే!" అని, ముసలోడా దారి వదలమని అరిచాను.

ఆయన కుడిచెయ్యి పైకెత్తాడు.

ఆ చెయ్యి ఎత్తిన తీరు చూశాకే గుర్తుపట్టాను. అప్పటికి ఒంటిచేతి కింద ముందు చక్రం వంకర తిరిగింది. సంచీ బరువుకు సైకిలు ఎడమకు ఒరిగింది. లారీ డ్రైవరుకు ఆయన కనిపించే అవకాశమే లేదు, వెనక చక్రాల దగ్గర పడ్డాడు. నేను దిగి పరుగెత్తేసరికి చెయ్యడానికి ఏమీ మిగల్లేదు. రోడ్డు మీద చామాకులు, రెండు కొబ్బరికాయలు. మా పెద్దమనిషి సూట్‌కేసులు తనే దించుకుని ఇంకో టాక్సీ ఎక్కి వెళ్ళిపోయాడు. ఆయన విమానం ఆయనకు అందే ఉంటుంది.

పోలీసు వచ్చి నా మాట రాసుకున్నాడు. హారన్ కొట్టానని చెప్పాను. అంతవరకు నిజమే చెప్పాను. ఆ కుర్ర కానిస్టేబులు చిన్నప్పుడు రోజూ ఆ రైలుగేటు దాటి బడికి పోయినవాడే. "అవును, అంకుల్‌కి అందరూ కొడతారు గదా" అని కళ్ళు తుడుచుకుంటూ, పలకరింపుగా హారన్ కొట్టాడు అని రాసేశాడు. దాన్ని దిద్దడానికి ఒక్క మాట చాలు. ఆ మాట చెప్పకుండానే సంతకం పెట్టి వచ్చాను.

తప్పెవరిదీ కాదన్నారు. మా బేస్‌లోని డ్రైవరు వేలుకు నోట్లో నువ్వుగింజ నానదు. రాందాస్, అంటే నేను, పలకరిస్తే మామ నవ్వుతూ చెయ్యెత్తి పోయాడని వారం తిరక్కుండా ఊరంతా చెప్పాడు. నవ్వుతూ అన్నది వాడు కలిపిందే. ఆయన ముఖం నేను చూడలేదు.

పదో రోజు మధ్యాహ్నం వేలు నా టాక్సీ కిటికీలోంచి తల పెట్టాడు. "భయ్యా, కౌశల్య కాకీ నిన్ను బులాయా. పదమూడో రోజు మొదటి ఆకు నీకేనంట!" జగన్నాథ్ మామ భార్య పిలిచిందని పండగ కబురు చెప్పినట్టు చెప్పాడు.

మా ఇళ్ళల్లో పదమూడో రోజు అందరికంటే ముందు ఒక్కరిని కూర్చోబెట్టి, ఆకు వేసి పోయినవారికి ఇష్టమైనవి వడ్డిస్తారు. ఇండియాలో దానికి బ్రాహ్మణుడు కూర్చుంటాడట. కూలీలుగా ఓడ దిగిన మా తాతలకు బ్రాహ్మణులు ఎక్కడ దొరుకుతారు? పోయినవారికి ఆత్మీయుడు ఎవరుంటే వాణ్ణి కూర్చోబెట్టేవారు. అదే ఆనవాయితీ అయింది. వాడు తిన్నదే పోయినవారికి అందుతుందని మా నమ్మకం. వాడి మనసులో మచ్చ ఉంటే అందదని కూడా అంటారు.

ఆ సాయంత్రమే వెళ్ళాను. ఊరి చివర రేకుల ఇల్లు. పక్కనున్న షెడ్డులో మగవాళ్ళు చాప మీద కూర్చుని నంగోనా అనే మత్తు వేరు పొడిని నీళ్ళలో కలుపుకుంటున్నారు. జగన్నాథ్ మామ భార్య కౌశల్య అత్త వంటింట్లో నేల మీద కూర్చుని, చేటలో పప్పు ఏరుతోంది.

"రా బాబూ, బైఠో" అంది. "పోలీసాయన చెప్పినాడు. నువ్వు టూట్ ఇస్తే మీ మామ చెయ్యెత్తినాడంట గదా."

తల ఊపాను.

"పిల్లలు లేనోళ్ళం. పోయేటప్పుడు పక్కన మనిషి లేకపాయెనే అని రెండు దినాలు ఏడిస్తిని. అప్పుడు ఈ మాట తెలిసె. మనోడే ఒకడు పలకరించినాడు, ఈయన పలికినాడు, అట్లనే పోయినాడు. అది తల్చుకుంటే నిద్ర వస్తాది బాబూ. లేకుంటే రాదు."

నేను అక్కడితో నోరు మూసుకుని లేచి రావలసింది. కానీ ఆవిడ ఆపలేదు. పదమూడో రోజు చామాకు కొబ్బరిపాలు పోసి వండుతుందట, గారెలు చేస్తుందట, మామకు ఎంత ఇష్టమో అవి. "నువ్వు కడుపునిండా తినాల. నువ్వు తింటే ఆయన తిన్నట్టే." ఆ మాటకు నేను తట్టుకోలేకపోయాను. ఈ అబద్ధంతో ఆ ఆకు ముందు ఎలా కూర్చోను?

"అత్తా, నేను పలకరించలేదు" అన్నాను.

ఆవిడ తలెత్తి చూసింది.

"గుస్సాతో కొట్టినా. దారి ఇయ్యలేదని. బుఢవా అని తిట్టినా కూడా. వెనకనుంచి మామ అని తెలీలేదు."

పప్పులో ఆవిడ వేళ్ళు ఆగిపోయాయి. షెడ్డులో ఎవరో నవ్వారు. ఆవిడ అడిగింది. "మామ అని తెలిస్తే కొట్టేవాడివి కాదు గదా?"

"లేదత్తా. ఒట్టు."

"వేరే ముసలోడయితే కొట్టేవాడివి."

ఇన్నేళ్ళూ రోజూ కొట్టింది వేరే ముసలాళ్ళకే. ఒక్కొక్కరికీ ఒక ఇల్లుందని, ఆ ఇంట్లో ఎవరో పప్పు ఏరుతూ ఉంటారని నాకు ఒక్కనాడూ తోచలేదు. ఏడుపొచ్చింది. సిగ్గు లేకుండా ఆవిడ ముందే ఏడ్చాను. ఆవిడ ఏడవలేదు.

ఏదో ఒకటి చెప్పి ఊరడించాలని ఆత్రపడ్డాను. "కానీ అత్తా, మామ అట్ల అనుకోలేదు. చెయ్యెత్తినాడు, నేను చూసినా. ఎవరో మనోడే పిలిచినాడనుకునే పోయినాడు. ఆయనకి ఏం తెలీదు."

"ఆయన అనుకున్నాడు బాబూ" అంది కౌశల్య అత్త. "నేనెట్ల అనుకోవాల ఇప్పుడు?"

నిజం చెప్పేసి తేలికపడదామని చూశాను నేను. ఆ బరువు ఎవరి మీద పడుతుందో ఆలోచించలేదు. రోడ్డు మీద ఎలాంటివాణ్ణో ఆ వంటింట్లోనూ అలాంటివాణ్ణే. నా దారి నాకు కావాలి, అంతే.

ఆవిడ చేట పక్కన పెట్టింది. గొంతులో కోపం లేదు, అలసట మాత్రం ఉంది. "పదమూడో దినం నువ్వు రాబాక. రాందాస్‌కి ఒళ్ళు బాలేదు, బుఖార్ అని నేను చెప్తా. వేలును కూర్చోబెడతా. ఈ మాట ఇంకెవరికీ చెప్పబాక బాబూ. ఊళ్ళోవాళ్ళన్నా ఆయన బాగా పోయినాడనుకోనీ."

సరేనన్నాను. కాళ్ళకు దండం పెట్టబోతే వెనక్కి జరిగింది.

బయటికి రాగానే షెడ్డులోని మగవాళ్ళందరూ నన్ను చూసి లేచి నిలబడ్డారు. "అరే, రాందాస్ ఆయా! ఇధర్ ఆవో భయ్యా, మామకి ఆఖరి సలాం చేసినోడివి, పహిలా బిలో నీదే" అంటూ పెద్దవాడొకడు నంగోనా నింపిన మొదటి కొబ్బరిచిప్ప రెండు చేతులా పట్టుకుని నా ముందుకు చాచాడు. వెనక్కి తిరిగి చూశాను. కౌశల్య అత్త వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. తాగమన్నట్టు తల ఊపింది.

ఆనవాయితీ ప్రకారం ఒకసారి చప్పట్లు చరిచి, చిప్ప అందుకుని, తాగాను.