రబ్బరు చేతికి నూటికి నూరు

మళ్లీ సూది నరం తప్పింది. మంచం మీది పెద్దాయన పళ్లు బిగించాడు. చెయ్యి అప్పటికే కమిలి, బూరెలా ఉబ్బింది.

"కాస్త ఆగు తల్లీ, అది చెయ్యి. గుండుసూదుల దిండనుకున్నావా?" అన్నాడు.

ఆయన కూతురికి మాత్రం హాస్యాలాడే ఓపిక లేదు. "మా నాన్న మీద నేర్చుకుంటున్నావా? ఎవరిచ్చారే నీకీ యూనిఫాం?"

అందరూ పిచ్చుక అని పిలిచే ఆ నర్సింగ్ విద్యార్థిని సూది పట్టుకుని బిక్కమొహం వేసింది. కాలేజీ నుంచి వెంట వచ్చిన ట్యూటరమ్మ ఆమెను పక్కకు జరిపి, రెండో చేతికి తనే సూది ఎక్కించింది. సెలైన్ చుక్కలు పడసాగాయి. కానీ పెద్ద డాక్టరు గుమ్మంలోంచి అంతా చూశాడు.

"ఈ అమ్మాయిని కాలేజీ నుంచి తీసేసి ఇవాళే ఇంటికి పంపేయండి. ఆ కాగితం మీద సంతకం పెట్టడానికి మీ ప్రిన్సిపల్‌ను పిలిపిస్తున్నాను."

ప్రిన్సిపలంటే ట్యూటరమ్మకు స్వయానా బావగారు, భర్తకు అన్న. ఈమధ్యే ఆమెకీ ఉద్యోగం వేయించింది కూడా ఆయనే.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. మొన్న ఒకమ్మాయి ఇలాగే నరం తప్పించింది, నిన్న ఇంకో అమ్మాయి, ఇవాళ పిచ్చుక. ముగ్గురికీ ప్రాక్టికల్స్‌లో నూటికి నూరు! పిచ్చుకను వరండాలోకి లాక్కెళ్లింది.

"నిజం చెప్పు. మార్కులు ఎవరు వేయించారు?"

"ఒట్టు మేడమ్! ల్యాబులో ప్రాక్టీసుకి పెట్టిన రబ్బరు చేతికి కళ్లు మూసుకుని ఎక్కిస్తాను."

"అయితే మూసుకునే ఎక్కిద్దువు గాని, పద."

ల్యాబులో పిచ్చుక నిజంగానే కళ్లు మూసుకుంది. రబ్బరు చేతిని వేలితో తడిమి సూది దింపింది. గొట్టంలోంచి రక్తానికి బదులు పోసిన ఎర్రనీళ్లు వచ్చాయి. ట్యూటరమ్మ వంగి చూసింది. ఏళ్ల తరబడి అందరూ ఒకేచోట పొడిచి పొడిచి, రబ్బరు తొడుగుకు శనగగింజంత బొక్క పడింది. పిల్ల వెతికింది నరాన్ని కాదు, దాన్నే.

"ఇంకోచోట గుచ్చు."

"ఇంకెక్కడ మేడమ్?" పిచ్చుక అయోమయంగా చూసింది.

ట్యూటరమ్మ పక్కనే ఉన్న ల్యాబు అటెండర్ వైపు తిరిగింది. "కొత్త తొడుగులు లేవా?"

"బీరువా నిండా ఉన్నాయమ్మా. ఓ ఏడాది వేశాం కూడా. సగం మంది ఫెయిలయ్యారు. కాలేజీ పరువు పోయిందని పెద్ద గొడవ. మళ్లీ పాతదే తొడిగించారు."

"ఎవరు?"

"నా నోటితో చెప్పించకండి. బీరువా తాళం ఎవరి జేబులో ఉంటుందో మీకు తెలీదా?"

తెలుసు. ట్యూటరమ్మ పిచ్చుక చెయ్యి పట్టుకుని ఆసుపత్రి వైపు నడిచింది.

ఆమె డాక్టరు గదికి చేరేసరికి బావగారు పెన్ను మూత తీస్తున్నారు. "ఈ కాలం పిల్లలకు శ్రద్ధ లేదండీ. మన పరీక్షలో బాగానే చేసింది మరి!"

"ఆగండి!" అంది ట్యూటరమ్మ. "అదేం పరీక్షండీ? ఎక్కడ గుచ్చాలో రబ్బరు చేతి పాత తొడుగుకు పడ్డ బొక్కే చూపిస్తుంటే, ఈ పిల్లకు నరం పట్టుకోవడం రాదని మనకెలా తెలుస్తుంది? తెలిసుంటే కూర్చోబెట్టి నేర్పేవాళ్లం. ఫెయిలైతే మళ్లీ పరీక్షకు వచ్చేది. ఇప్పుడా పెద్దాయన చెయ్యి వాచాక తెలిసింది. శిక్ష మాత్రం పిల్లకా?"

డాక్టరు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "బొక్కేమిటి? ఎవరు చేశారీ పని?"

"ఇంటికెళ్లి మాట్లాడుకుందాం అమ్మాయ్," అన్నారు బావగారు మెల్లగా.

పెళ్లయిన నాటి నుంచి ఆమె ఆయన మాటకు ఎదురు చెప్పింది లేదు. గుమ్మం దగ్గర పిచ్చుక ముక్కు ఎగబీల్చింది.

"కొత్త తొడుగులు బయటికి రాకుండా తాళం వేసింది ఈయనే డాక్టరుగారూ," అంది ట్యూటరమ్మ వేలెత్తి చూపిస్తూ. "మా బావగారే!"