తొంభై సంచుల షిఫ్టు

కృపానందం పదమూడో సంచిని వీపు మీదికి లాక్కుని ఇనుప మెట్లెక్కాడు. పైన తొట్టి అంచుకు మోకాలు ఆనించి, సంచి మూతి విప్పి, నలిగిన సీసాలను కిందికి దులిపాడు. గ్రైండరు ఒక్కసారి ఉరిమి, వాటిని నమిలి, మళ్లీ మామూలు మోతకు వచ్చింది. ఖాళీ సంచిని కిందికి విసిరాడు. కింద ఎర్ర కుర్చీలో కూర్చున్న అమ్మాయి కాగితం మీద ఇంకో గీత గీసింది.

పొద్దున ఎనిమిది నుంచీ ఆమె ఆ కుర్చీలోనే ఉంది. పేరు ముబీనా. హైదరాబాదు నుంచి వచ్చింది. మచిలీపట్నం దాటాక పెడన దారిలో ఉన్న ఈ ఫ్యాక్టరీలో పాత సీసాలను పొడి చేసి, కరిగించి, గింజలు తీస్తారు. ఆ గింజలు కొనే షాంపూ కంపెనీ తన సీసాల మీద ‘సగం పాత ప్లాస్టిక్‌తో చేసినది’ అని అచ్చు వేసుకుంటుంది. ఆ మాట నిజమేనని, అమ్మేవాళ్లకూ కొనేవాళ్లకూ చెందని మూడో మనిషి చూసి సర్టిఫికెట్ ఇవ్వాలి. అది లేకపోతే ఈ నెల నుంచి సరుకు కొనేది లేదని కంపెనీ చెప్పేసింది. ఆ మూడో మనిషే ముబీనా.

రిజిస్టర్లో షిఫ్టుకు తొంభై సంచులని ఉంది. కృపానందం రోజూ నిజంగా వేసేది ముప్పై, మహా అయితే ముప్పై అయిదు. మిగతా బరువంతా బయట కొని వెనక షెడ్డులో దాచిన కొత్త ప్లాస్టిక్ గింజ. ఆ షెడ్డుకు నిన్ననే తాళం పడింది. ముందర టార్పాలిన్ కట్టారు.

ఆమె కాగితాలు చూసి, భోంచేసి వెళ్లిపోతుందనే అందరూ అనుకున్నారు. “కాగితాలు తర్వాత చూస్తానండీ. ముందు ఒక షిఫ్టు మొత్తం నడిపించండి,” అందామె. మేనేజరు ఫణీంద్ర నవ్వు మొహం మీదే ఆగిపోయింది. కాసేపటికి గ్రైండరు దగ్గరికి వచ్చి కృపానందం భుజం మీద చెయ్యి వేశాడు.

“మావయ్యా, ఇవాళొక్కరోజు. తొంభై పడాల్సిందే. రిజిస్టర్లో నీ పేరొక్కటే ఉంది. ఇంకొకళ్లని పెడితే దొరికిపోతాం.”

నాలుగేళ్లలో ఫణీంద్ర ఏనాడూ వరస పెట్టి పిలవలేదు. కృపానందం తల ఊపి సంచుల వైపు నడిచాడు.

ఆయనకు యాభై ఎనిమిదేళ్లు. అవనిగడ్డ అవతలి పల్లెలో పుట్టాడు. పదేళ్లప్పుడు ఉప్పెన వచ్చి తల్లిని తీసుకుపోతే మేనమామ గుడివాడ తీసుకొచ్చి పెంచాడు. పద్దెనిమిదో ఏట రైసుమిల్లులో బస్తా ఎత్తాడు. అప్పట్లో రెండేసి బస్తాలు మోసేవాడు. మెడ వెనక కాయ కాసిన చర్మం ఇప్పటికీ నల్లగా, చెప్పు అట్టలా ఉంటుంది. మిల్లులో బెల్టు మిషన్లు పెట్టాక మోసేవాళ్ల అవసరం తీరిపోయింది. భార్య ధనమ్మతో చిలకలపూడి చేరాడు. ఆమె ఇంట్లో కూర్చుని రోల్డుగోల్డు గొలుసులకు కొక్కేలు వేస్తుంది. ఆయన ఈ పనిలో కుదిరాడు.

నలభై ఏళ్లుగా మోస్తున్నాడు గానీ, కుర్చీ వేసుకుని ఆయన పని చూసినవాళ్లు లేరు. ముప్పయ్యో సంచి దాకా అది బాగానే అనిపించింది. నడుం నిటారుగా పెట్టి, ఆగకుండా, ఒక చుక్క ఒలకనివ్వకుండా బిందె మోసినట్టు మోశాడు. నలభై దాటాక మెట్లు పెరిగినట్టు అనిపించాయి. ఆయన ఆలస్యం చేస్తే గ్రైండరు ఖాళీగా తిరిగేది. ఆ మోత వేరు. సన్నగా, తీక్షణంగా, షెడ్డంతా వినబడేది. ఆ మోత లేచినప్పుడల్లా ముబీనా తలెత్తేది, ఆఫీసు గుమ్మంలోంచి ఫణీంద్ర తొంగిచూసేవాడు.

మధ్యాహ్నం అన్నం సయించలేదు. ఎడమ చెయ్యి తిమ్మిరెక్కింది. సీసాలు ఏరే దుర్గాదేవి దగ్గరికొచ్చింది.

“బాబాయ్, మొహం అలా పాలిపోయిందేంటి? కాసేపు మెట్ల దాకా నేను అందిస్తానుండు.”

ఆఫీసు గుమ్మంలో ఫణీంద్ర తల అడ్డంగా ఊపాడు. దుర్గాదేవి వెనక్కి తగ్గింది.

అరవై ఒకటో సంచి దగ్గర ముబీనా లేచి వచ్చింది. చుట్టూ చూసి గొంతు తగ్గించింది.

“రోజూ ఇన్ని సంచులూ మీరొక్కరే వేస్తారాండీ? నిజం చెప్పండి. మీ పేరు ఎక్కడా రాయను.”

కృపానందం ఆమె భుజం మీదుగా చూశాడు. ఏరుడు బల్లల దగ్గర ఇరవై ఆరుమంది ఆడవాళ్లు. ఒక్కరి చేతులూ కదలడం లేదు. దుర్గాదేవి చేతిలో పట్టుకున్న సీసా పట్టుకున్నట్టే ఉంది. కాదు అంటే ఈ క్షణమే కూర్చోవచ్చు. కానీ రేపటి నుంచి వీళ్లెవరూ పనికి రానక్కర్లేదు.

“అలవాటేనండీ,” అన్నాడు.

ఆమె ఆయన మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత రాసుకుంది.

డెబ్భై, ఎనభై. ఆ లెక్క ఆయన పెట్టుకోలేదు. కాలు పైమెట్టు మీద ఆనిందో లేదో అంతవరకే చూసుకున్నాడు. దవడ లాగుతోంది. గాలి గొంతు దాకా వచ్చి ఆగిపోతోంది. అయిదు కావడానికి పది నిమిషాలుండగా తొంభయ్యో సంచి దులిపాడు. ముబీనా లేచి నిలబడింది.

“రిజిస్టర్లో ఉన్నట్టే పడ్డాయండీ. చాలా శ్రమపడ్డారు పెద్దాయనా, ఇంక విశ్రాంతి తీసుకోండి,” అని చేతులు జోడించి ఆఫీసులోకి వెళ్లింది.

కృపానందం కిందిమెట్టు మీద కూర్చున్నాడు. “కాసిని నీళ్లియ్యమ్మా,” అన్నాడు దుర్గాదేవితో. ఆమె గ్లాసు తెచ్చేసరికి ఆయన స్తంభానికి తల ఆనించి ఉన్నాడు. కళ్లు సగం తెరిచి ఉన్నాయి. “బాబాయ్,” అని పిలిచింది. చెయ్యి పట్టుకుంటే జారి ఒళ్లో పడింది.

పరుగున వెళ్లి ఆఫీసు బయట ఫణీంద్రను పట్టుకుంది. లోపల ముబీనా సంతకాలు చేస్తోంది.

“అంబులెన్సుకి ఫోన్ చెయ్యండి సార్, బాబాయ్ పలకట్లేదు!”

ఫణీంద్ర షెడ్డు వైపు చూశాడు. ఆఫీసు తలుపు దగ్గరికి లాగాడు. “అరవకు. ఆ కారు గేటు దాటనీ.”

ఏడు నిమిషాలు పట్టింది. కారు గేటు దగ్గర మలుపు తిరుగుతుంటే ముబీనా అద్దం దించి, మెట్ల మీద కూర్చున్న మనిషికి చెయ్యి ఊపింది. తర్వాతే ఫణీంద్ర ఫోన్ తీశాడు.

అంబులెన్సు వాళ్లు నాడి చూసి, సగం తెరిచి ఉన్న కళ్లు మూశారు. ఆయనను బందరు ఆసుపత్రికి తీసుకెళ్లారు. ధనమ్మకు కబురు వెళ్లింది. ఆరు గంటలకు రెండో షిఫ్టు వాళ్లు వచ్చి, వెనక షెడ్డు తాళం తీసి, గ్రైండరు స్విచ్చి వేశారు. తొట్టి పక్క గోడకు మేకు మీద, పనిలోకి దిగేముందు ఆయన విప్పి తగిలించిన తెల్లచొక్కా ఇస్త్రీ మడత చెదరకుండా ఉంది. మిషన్ అదురుకు దాని చేతులు రెండూ కొద్దికొద్దిగా కదులుతున్నాయి.