ఏడు తప్పులు దిద్దిన భూతద్దం

నేను ఒక భూతద్దాన్ని. ఆ పేరు ఎవరు పెట్టారో గానీ నాకు బొత్తిగా నచ్చదు. చిన్నదాన్ని పెద్దగా చూపించడం తప్ప నాకు ఏ విద్యా రాదు. గాజు బిళ్ళను గంటల తరబడి అరగదీసి, ఇత్తడి చట్రంలో బిగించి, నల్లటి చెక్క పిడి తగిలించి నన్ను తయారుచేశారు. తెనాలిలో పుస్తకాలు అచ్చువేసే ప్రెస్సు యజమాని కోటిలింగంగారు నన్ను కొన్నారు. ఆయన నాతో మొట్టమొదట పరిశీలించింది తన కొత్త బంగారు ఉంగరాన్ని. ఆ ముచ్చట తీరాక నన్ను ప్రూఫ్‌రీడర్ బల్ల మీద పడేసి మరిచిపోయారు.

ఆ బల్ల దేవసహాయంగారిది. ముప్పై నాలుగేళ్ళు ఆయన చేతిలోనే ఉన్నాను. ఒత్తు జారినా, దీర్ఘం ఎగిరిపోయినా ఆయన కంట పడకుండా పోయేది కాదు. "అక్షరం చూసేటప్పుడు అర్థం చూడకూడదయ్యా. అర్థంలో పడ్డావంటే కన్ను జారిపోద్ది," అని కొత్తగా చేరినవాళ్ళకు చెప్పేవారు. ఆ నియమం పుణ్యమా అని ఆయన కొన్ని వేల పుస్తకాలు చదివి, ఏ పుస్తకంలో ఏముందో తెలియకుండానే ఉద్యోగం ముగించారు. వంటల పుస్తకమైనా పశువైద్యమైనా ఆయనకు ఒకటే.

రిటైరైన రోజున ఆయనకు ఒక శాలువా, ఒక గోడగడియారం, నన్నూ ఇచ్చారు. ఇక ఏ వేళకూ ఎక్కడికీ పరుగెత్తనక్కర్లేని మనిషికి గడియారం ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు. పీఎఫ్, గ్రాట్యుటీ కలిపి తొమ్మిది లక్షలు వచ్చాయి. పెన్షన్ చూస్తే నెలకు రెండు వేల ఎనిమిది వందలు. అద్దె ఇల్లు. ఆయనా, భార్య సువార్తమ్మగారూ మిగతా జీవితమంతా ఆ తొమ్మిది లక్షల మీద వచ్చే వడ్డీతోనే గడుపుకోవాలి. ఈ సంగతి ఆవిడ రోజుకు రెండుసార్లు గుర్తుచేసేవారు. ఆయన రెండుసార్లూ తలాడించేవారు.

నెల తిరక్కుండానే ఒక ప్రైవేటు బీమా కంపెనీ తరఫున లోహిత్ అనే కుర్రాడు వచ్చాడు.

"మూడు లక్షలు వేసేయండంకుల్, చాలు. ఫిక్సెడ్ డిపాజిట్ లాంటిదే, ఇంకా ఎక్కువొచ్చిద్ది. కాగితాలన్నీ తెలుగులోనే ఇప్పిస్తా."

తెలుగు అనేసరికి దేవసహాయంగారికి ప్రాణం లేచొచ్చింది. నన్నూ ఎర్రపెన్నునూ తీశారు. నాలుగు పేజీల దరఖాస్తులో ఏడు తప్పులు పట్టారు. 'వార్షిక ప్రీమియం' అన్నచోట గుడి ఎగిరిపోతే దాన్ని కూడా దగ్గరుండి పెట్టారు. "ఇంత జాగ్రత్తగా చదివినోళ్ళని నేను చూళ్ళేదంకుల్," అన్నాడు లోహిత్. ఆ పొగడ్త వేడిలోనే సంతకం అయింది, చెక్కు వెళ్ళిపోయింది. దాచుకోవడమెందుకు, ఆ రోజు నేనూ పొంగిపోయాను.

తర్వాత పాలసీ బాండు పోస్టులో వచ్చింది. కవరు చించి చూసి బీరువాలో పెట్టేశారు. పనిలేని ప్రూఫ్‌రీడర్‌తో ఇంట్లో వేగడం ఎంత కష్టమో సువార్తమ్మగారిని అడగాలి. ఆయన సబ్బుల పెట్టెలూ, పెళ్ళి శుభలేఖలూ, చర్చివారి కరపత్రాలూ అన్నీ దిద్దేశారు. ఇంట్లో అచ్చుకాగితం ఇంకేమీ మిగలకపోవడంతో ఒక గురువారం సాయంత్రం బాండు గుర్తొచ్చింది. ప్రెస్సులో ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు ప్రూఫు చూసుకుంటూ పోవడం అలవాటు. అందుకని భార్యను పిలిచి, "నువ్వు చదువు, నేను నీ వెనకే చూసుకుంటా," అన్నారు.

సువార్తమ్మగారి చదువు ఎనిమిదో తరగతి. కానీ రోజూ బైబిలు పైకి చదివే గొంతు ఆవిడది. అర్థం కాకుండా ఒక్క వాక్యం దాటడం ఆవిడకు చేతకాదు. మూడో పేజీలో ఆగిపోయారు.

"ఏవండీ, ఏడాదికి మూడు లక్షల చొప్పున పదేళ్ళు కట్టాలంట!"

"అట్టా ఉండదులే. ఒక్కసారే అన్నాడుగా ఆ అబ్బాయి."

"అతను అన్నది కాదు, ఇందులో రాసింది చదువుతన్నా. మధ్యలో ఆపితే కట్టింది కూడా సరిగా చేతికి రాదంట. మూడేళ్ళకే మన డబ్బంతా అయిపోద్ది. నాలుగో ఏడు ఏం పెట్టి కడతారు? మనం ఏం తింటాం?"

"ఏడు తప్పులు దిద్దాను సువార్తా, పెద్ద తప్పు నేనే చేశా," అన్నారు. ఆయన గొంతు అంత చిన్నగా పలకడం నేను ఎన్నడూ వినలేదు. నాకు చాలా జాలేసింది.

సువార్తమ్మగారు మాత్రం చదవడం ఆపలేదు. ఆఖరి పేజీకి వచ్చేసరికి అక్షరాలు చీమ తలకాయంత అయిపోయాయి. ఆయన చేతిలోంచి నన్ను లాక్కున్నారు. పత్రం అందిన ముప్పై రోజుల్లోగా వద్దని తిప్పి ఇచ్చేస్తే డబ్బు వాపసు చేస్తారని అక్కడ ఉంది. మరి ఎప్పుడు అందింది? కవరు వెతికి తీశారు. తెనాలి పోస్టాఫీసు ముద్ర సగం చెరిగిపోయింది. ఆవిడ నన్ను దాని మీద దగ్గరకూ దూరానికీ జరుపుతుంటే, ఒళ్ళు దగ్గర పెట్టుకుని పనిచేశాను. జూన్ పదకొండు! ఆ రోజు జూలై తొమ్మిది. గడువు శనివారంతో సరి, అది రెండో శనివారం, ఆఫీసుకు సెలవు. ఇక మిగిలింది శుక్రవారం ఒక్కటే.

ఆ రాత్రే పాలసీ వద్దని ఉత్తరం రాసుకుని, మర్నాడు మొదటి బస్సుకే గుంటూరులో బీమా ఆఫీసుకు వెళ్ళాం. కౌంటర్లో మనిషి తలెత్తకుండానే, "సిస్టమ్ పనిచేయట్లేదమ్మా, సోమవారం రండి," అన్నాడు. వెనక బల్ల దగ్గర లోహిత్ సెల్‌ఫోనులో తల దూర్చాడు. దేవసహాయంగారు "సరే బాబూ" అంటూ లేవబోయారు. సువార్తమ్మగారు ఆయన చొక్కా పట్టుకుని కూర్చోబెట్టారు. బాండు తీసి, నన్ను ఆ పేజీ మీద పెట్టి, ఆదివారం చర్చిలో చదివినట్టు ఆ షరతును మొదటినుంచి చివరిదాకా గట్టిగా చదివారు.

కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు ఒక్కొక్కరే సంచుల్లోంచి తమ కాగితాలు బయటకు తీయసాగారు.

"ఎన్నో పేజీలో ఉందమ్మా అది?" ఒక పెద్దాయన అడిగారు.

"ఆఖరి పేజీ, బాబాయ్‌గారూ. కింద చూడండి. కనపడకపోతే ఈ అద్దం తీసుకోండి."

ఆ మాటకు మేనేజరు గదిలోంచి పరుగున వచ్చాడు. రెండు నిమిషాల్లో ఉత్తరం తీసుకుని, నకలు మీద తేదీతో ముద్ర వేసి ఇచ్చాడు. ఆవిడ ఆ తేదీని నాతో సరిచూసుకున్నాకే కుర్చీలోంచి లేచారు. నా జన్మలో అంత గర్వపడిన రోజు లేదు.

పన్నెండు రోజులకు, స్టాంపు ఖర్చులూ అవీ పోను మిగతాదంతా తిరిగొచ్చింది. దేవసహాయంగారు ఫోనుకొచ్చిన బ్యాంకు మెసేజీ వీధిలో కనపడినవాళ్ళందరికీ చూపించి వచ్చారు. ఆ వారమే ఉన్న డబ్బంతా పోస్టాఫీసులో పెద్దవాళ్ళకిచ్చే పథకంలో వేశారు. మూడు నెలలకోసారి వడ్డీ వస్తుంది, ఇద్దరి పేర్లా ఖాతా. ఆయన మొదటి పేరుగా భార్యది రాశారు.

"నాదెందుకండీ?"

"డబ్బు కాపాడింది నువ్వు గదా," అన్నారాయన.

ఇప్పుడు నేను సువార్తమ్మగారి కుర్చీ పక్కనే ఉంటున్నాను. నాకు తీరికే లేదు. మొన్న పక్కవీధి నాగరత్నం వచ్చింది. అంగన్‌వాడీలో ఆయాగా చేసి ఈ మధ్యే రిటైరైంది. చేతిలో ఏదో రంగురంగుల దరఖాస్తు, అప్పటికే మూత తీసిన పెన్ను.

"సంతకం ఎక్కడ పెట్టాలో చూపించక్కా, చాలు. ఏజెంటు బయట నిలబడి ఉన్నాడు."

సువార్తమ్మగారు ఆ పెన్ను తీసుకుని మూత పెట్టేశారు. నన్ను అందుకున్నారు.

"నిలబడనీ. నువ్వు కూర్చో, నేను చదువుతా. అర్థం కానిచోట నన్ను ఆపు."