కాలు ఆనాలి

సూసన్‌కి కుదురన్నది లేదు. పందెం వారం ఉందనగా సైకిల్ని కోడి ఈకలు పీకినట్టు పీకేసింది. బెల్లు, స్టాండు, మడ్‌గార్డులు అన్నీ పోయాయి. జడ గాలికి కొట్టుకుంటోందని ముడి వేసింది, ముడి మెడకి తగులుతోందని విప్పింది, మళ్లీ వేసింది. సీటు జోలికి మాత్రం పోలేదు.

పోనిస్తేగా! సీటు వాళ్లమ్మ బేబి ఏలుబడిలో ఉంది. పదేళ్ల కిందట చిల్లకల్లు దగ్గర వెనకనుంచి లారీ హారన్ కొడితే, సైకిలు ఆపబోయిన నాన్న స్తెఫనుకి కాలు నేలకి ఆనలేదు. పడ్డాడు. ఇప్పటికీ ఆ కాలు ఈడుస్తూనే నడుస్తాడు. అప్పట్నుంచీ ఆ ఇంట్లో బైబిలు తర్వాత మాట ఒక్కటే: కూచుంటే కాలు ఆనాలి.

జగ్గయ్యపేట నుంచి నందిగామ దాకా ఆడపిల్లల సైకిల్ పందెం. మొదటి ఇద్దరికీ జిల్లా జట్టులో చోటు, స్పోర్ట్స్ హాస్టల్లో చదువు. రాకపోతే అమ్మ వెంట పత్తి తీయడానికి పోవడమే. తీరా చూస్తే సాధనలో సగం దారికే మోకాళ్లు మండిపోతున్నాయి.

"కాలు చాపకుండా తొక్కితే గుంజీలు తీసుకుంటూ నందిగామ పోయినట్టేనమ్మా. సీటు నాలుగు వేళ్లు లేపు," అన్నాడు డ్రిల్లు మాస్టారు.

ఇంట్లో చెబితే బేబి వినలేదు. చాటుగా లేపుదామని సూసన్ రెండుసార్లు పానా తీసి, రెండుసార్లూ పెట్టేసింది. నాన్న కాలు కళ్లముందే తిరుగుతుంటే అమ్మ కళ్లు కప్పడానికి మనసొప్పలేదు.

పందెం ముందురోజు సాయంత్రం కూతురు మోకాళ్లకి నూనె రాస్తూ బేబి ఉన్నట్టుండి అడిగింది.

"పందెంలో ఎక్కడెక్కడ ఆగుతావే?"

"ఎక్కడా ఆగనమ్మా. ఆగితే ఓడిపోనూ?"

"మరి కాలు ఎక్కడ ఆనాలి?"

"నందిగామలోనే."

బేబి నూనె చెయ్యి కొంగుకి తుడుచుకుని సైకిలు సీటు వైపు చూసింది.

తెల్లారి చూస్తే సీటు పైకి లేచి ఉంది. అమ్మ లేదు.

"మొదటి బస్సుకి పోయింది. పానా పట్టింది కూడా తనే," అన్నాడు స్తెఫను. అతను సైకిలు పట్టుకుంటేనే సూసన్ ఎక్కగలిగింది.

చిల్లకల్లు దాటుతుంటే వెనక లారీ హారన్ కొట్టింది. సూసన్ కాలు దానంతటదే నేలను వెతుక్కుంది. అందలేదు. ఇక చేసేదేముంది, తొక్కింది.

నందిగామలో గీత దాటాక, కొంగు బిగించి రోడ్డు మీద బేబి నిలబడి ఉంది. ఎదురు పరుగెత్తి హ్యాండిలు పట్టుకుంది. సూసన్ ఒరిగిపోయి మొత్తం బరువు తల్లి మీదే వేసింది.

"పట్టుకున్నాలే. ఆను, నామీద ఆను."

మైకులో రెండో స్థానం సూసన్‌దని అరుస్తున్నారు. బేబి అటు చూడలేదు. కూతురి పాదాలు రెండూ నేలకి ఆనేదాకా వాటినే చూస్తూ ఉంది.