బరువు దించే రాయి

మద్రాసు పక్కన మనలి దాటి ఉత్తరంగా పోతే కొసస్థలై ఏరు ఒకచోట ఇరుకైపోతుంది. రెండు పక్కలా ఎర్రమట్టి గట్లు నిలువుగా తెగి, నీళ్ళు తాటిచెట్టంత లోతున పారుతాయి. ఆ ఇరుకుమీద మూడు కమానుల ఇటుక వంతెన ఉండేది. దొరల కాలంలో ఉప్పు వ్యాపారం చేసిన ఒక తెలుగు శెట్టి కట్టించాడని మా వీధిలో చెప్పుకునేవారు. దానికి సున్నం తొక్కిన వాళ్ళలో తన ముత్తాత కూడా ఉన్నాడని మా ఆయన వెంకటపతి, బతికున్నన్నాళ్ళూ, ఎవరు దొరికితే వాళ్ళకు చెప్పేవారు.

మా కూతురు వాసంతి ఏడో నెల కడుపుతో చనిపోయినప్పుడు సుమైతాంగిని ఆ వంతెన మొదట్లోనే నిలబెట్టాలని ఆయన పట్టుబట్టారు.

సుమైతాంగి అంటే రెండు నిలువు రాళ్ళమీద ఒక అడ్డరాయి. మనిషి భుజమంత ఎత్తు. దారిన పోయేవాళ్ళు ఒకరి సాయం లేకుండా తలమీది మూటను దానిమీదికి జరిపి, కాసేపు నిలబడి, మళ్ళీ ఎత్తుకోవచ్చు. కడుపులో బరువు దిగకుండా పోయిన ఆడమనిషి పేరుమీద దీన్ని నిలబెడతారు. పోయినచోట కూడా ఆమె ఆ బరువు మోస్తూనే ఉంటుందట. ఎవరో ఒకరు రాయిమీద మూట దించినప్పుడే తనూ దించుకుంటుందట. సొంతవాళ్ళ మూట మాత్రం చెల్లదు.

రాయి నిలబెట్టిన నెలలోనే ఎగువన సిమెంటు వంతెన తెరిచారు. లారీలు, వ్యాన్లు, సైకిళ్ళు, చివరికి నడిచేవాళ్ళు కూడా అటు మళ్ళారు. పాత వంతెనమీద మేకలు పడుకున్నాయి.

ఇంటిపని ముగించుకుని రోజూ వెళ్ళి ఆ రాయి పక్కన కూర్చునేదాన్ని. దానిమీద కాకిరెట్ట తప్ప ఏమీ పడలేదు. కళ్ళు మూస్తే చాలు, నా బిడ్డ నడుముకు రెండు చేతులూ ఆనించుకుని, కూర్చోవడానికి చోటు వెతుక్కుంటూ కనిపించేది.

చేపలమ్మే అమ్మణి తమిళావిడ. మా వీధుల్లో తిరిగి తిరిగి తెలుగు పట్టేసింది. ఒకరోజు ఆమె గంప పట్టుకుని అడ్డం నిలబడ్డాను.

"రేపు పాత వంతెనమీద రా, అమ్మణీ. నీ గంప ఒకతూరి మా వాసంతి రాయిమీద దించిపో."

"అయ్యో అక్కా, వ్యాన్లో వస్తే చేప కన్ను మెరుస్తా ఉంటాది. అంత దూరం నడిచొస్తే మీ వీధి ఆడోళ్ళే ముక్కు మూసుకుంటారు. ఎవరు కొంటారు, నువ్వా?"

"నేనే కొంటా. గంపంతా కొంటా."

"మీ ఇంట్లో చేప వండరని ఊరంతా తెలుసు. చుమ్మా ఉండక్కా, ఊరికే మాటలెందుకు!"

అయినా మరుసటి మధ్యాహ్నం వచ్చింది. గంపను రాయిమీద పెట్టి దణ్ణం పెట్టుకుంది. నేను లోపలికి తొంగిచూశాను. తడి గోనె, అరిటాకు ముక్క. అంతే.

"అమ్మేసినాక వచ్చినావా?"

"అమ్మకుండా వస్తే నా బిడ్డలకు కూడు ఎవరు పెడతారక్కా?"

నిజమే. ఆ కోపం ఇంటికి తెచ్చి మా ఆయనమీద పోశాను.

"మీ ముత్తాత వంతెన అని ఆడ పెట్టినారే! కొత్త వంతెన కాడ పెట్టుంటే ఎంతమంది పోతా ఉండారో చూడండి. మీ బిడ్డకు ఖాళీ గంప వచ్చింది, ఖాళీ గంప!"

"పీకి తెద్దామంటే కుదరదే, పంకజం. నిలబెట్టిన రాయిని కదిపితే ఆ బిడ్డను మళ్ళీ చంపినట్టంట."

"అయితే పోయి మనుషుల్ని పిలుచుకురండి."

ఆయన నిజంగానే పోయారు. కొత్త వంతెన దగ్గర నిలబడి, మూటతో కనిపించిన ప్రతివాళ్ళనూ చేతులు జోడించి పిలిచారు. జనం ఆయన్ని తప్పుకుని నడిచారు.

మరుసటి ఏడు జూన్‌లో ఎన్నడూ లేని వాన పట్టుకుంది. ఏరు గట్టు అంచుదాకా లేచింది. ఒక పొద్దున కొత్త వంతెనకు ఆనుకున్న మట్టికట్ట కొట్టుకుపోయింది. అవతలి గుడిసెల వాళ్ళకు పాత వంతెన తప్ప దారి లేకపోయింది.

సంగతి తెలియగానే తడుస్తూ పరుగెత్తాను. వాళ్ళ కోసం కాదు, రాయి కోసం.

వంతెన నిండా జనం. తలలమీద బియ్యం మూటలు, బిందెలు, ట్రంకు పెట్టెలు. అన్ని బరువులు ఒక్కచోట నేనెన్నడూ చూడలేదు.

"దించుకోండమ్మా! ఈడ రాయుండాది! ఒక్క నిమిషం దించుకోండి!"

ఎవరూ ఆగలేదు. ట్రంకు పెట్టె మోస్తున్న ఒకాయన నన్ను మోచేత్తో తోశాడు.

"వెనకాల నీళ్ళు తరుముకొస్తా ఉంటే మూట దించమంటావా? మెంటలా నీకు?"

నేను బురదలో పడ్డాను. లేచేసరికి చాలామంది దాటిపోయారు. కమానులకు నీళ్ళు కొట్టుకుంటుంటే కాళ్ళకింద నేల అదిరింది. మా ఆయన ఎక్కడినుంచో వచ్చి నా చేయి పట్టి లాగారు.

"రా, పంకజం. వంతెన నిలవదు."

"నేను రాను. మీరు పోండి."

"బిడ్డ పోయింది. నువ్వూ పోతే నేనెవరితో కొట్లాడాలే?"

అందరికంటే వెనక ఒకతను తల్లిని వీపున మోసుకుని వచ్చాడు. వంతెన దిగి రాయి దగ్గర ఆగాడు. మావైపు చూడనైనా లేదు. వెనక్కి తిరిగి, ముసలామెను రాయిమీదికి జరిపి, వంగి రొప్పసాగాడు.

"ఏందిరా కోదండం, అంగట్లో బెల్లం దిమ్మ మాదిరి ఎత్తి పెట్టినావు?"

"ఉండవే అమ్మా. మోసేది నేనైతే ఆయాసం నీకా?"

"నిన్ను తొమ్మిది నెలలు మోసినా. ఎప్పుడైనా ఇట్ల రొప్పినానా?"

నేను అతని చొక్కా గట్టిగా పట్టుకున్నాను.

"ఇంకాసేపు ఉండండయ్యా. మీకు పుణ్యముంటాది. ఇంకాసేపు."

"నీళ్ళు చూడమ్మా! వదులు!"

పిట్టగోడ సందుల్లోంచి నీళ్ళు చిమ్ముతున్నాయి. మా ఆయన నా వేళ్ళు విడదీయబోయారు. వేళ్ళు రాలేదు. ముసలామె నా ముఖం చూసింది. తాను కూర్చున్న రాయిని చేత్తో తడిమింది.

"ఎవరి బిడ్డమ్మా?"

"నా బిడ్డే. ఏడో నెల."

ఆమె కొడుకు తలమీద ఒక మొట్టికాయ వేసింది. "తొందరపడొద్దురా" అని, చంకలో ఇరికించుకున్న గుడ్డమూట తీసి పక్కన రాయిమీద పెట్టింది. తర్వాత కాళ్ళు వదులుగా వేలాడేసి, కళ్ళు మూసుకుని, ఒంటి బరువంతా రాయికిచ్చి కూర్చుంది. కొడుకు నీళ్ళనూ తల్లినీ మార్చి మార్చి చూస్తూ నిలబడ్డాడు.

నీళ్ళు మా పాదాలను తాకాయి.

"చాలా అమ్మా?" అని ముసలామె నన్నడిగింది.

చాలునో చాలదో నాకెలా తెలుస్తుంది? అది వాసంతి చెప్పాలి. అయినా చొక్కా వదిలాను. అతను తల్లిని మళ్ళీ వీపుకెత్తుకున్నాడు. ఆమె గుడ్డమూటను మా ఆయన తన తలమీద పెట్టుకున్నారు. నలుగురం మెరక వైపు నడిచాం.