స్ట్రాత్‌ఫీల్డ్‌లో జంట ఉయ్యాల

కిందటేడు ఉదయలక్ష్మి బాత్రూములో జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ప్లేటు వేశారు, ఎముక అతుక్కున్నాక తీసేశారు. చెయ్యి మామూలుగా అయిపోయింది. మామూలు కానిది ఇంట్లోవాళ్ళే. ఎస్కలేటరు ఎక్కుతుంటే భర్త రాధాకృష్ణ మోచెయ్యి పట్టుకుంటాడు. పాలక్యాను ఎత్తబోతే కూతురు లిఖిత పరుగున వచ్చి అందుకుంటుంది. యూనివర్సిటీలో పెద్ద పెద్ద హాళ్ళ నిండా కూర్చున్న పిల్లలకి స్టాటిస్టిక్స్ చెప్పే మనిషి, పాయింట్ కుక్‌లో తన ఇంటికి రాగానే గాజుబొమ్మ అయిపోయేది. మొదట్లో ఆ గారాబం బాగానే ఉండేది. తరవాత తరవాత విసుగొచ్చింది.

జూన్‌లో లాంగ్ వీకెండుకి నాలుగు తెలుగు కుటుంబాలు కలిసి వ్యాను మాట్లాడుకుని, పదిగంటల దూరంలో ఉన్న సిడ్నీకి బయల్దేరాయి. ఎక్కడెక్కడ తిరగాలన్నది లిఖితకి వదిలేశారు. యూనిలో కొరియన్ భాష చదివిన పిల్ల. ఆపెరా హౌసూ బ్రిడ్జీ అందరూ చూసేసినవే కనక ఈసారి సిడ్నీలో ఉన్న కొరియాని చూపిస్తానంది. చూపించింది కూడా. శనివారం కొరియన్లు ఎక్కువగా ఉండే స్ట్రాత్‌ఫీల్డ్ పేటలో, కూర్చున్న బల్ల మీదే నిప్పులు పెట్టి పుట్టగొడుగులు కాల్చుకు తినే హోటలుకి తీసుకెళ్ళింది. చుట్టూ చిన్న చిన్న గిన్నెల్లో రకరకాల పచ్చళ్ళు పెట్టేసి వెళ్ళిపోతే, వీటిలోకి అన్నం ఏదని రాధాకృష్ణ చాలాసేపు దిక్కులు చూశాడు. ఆదివారం ఆడవాళ్ళందరినీ కొరియన్ స్నానశాలకి తీసుకెళ్ళింది. లోపల వేణ్ణీళ్ళ కొలనుల్లోకి బట్టలు విప్పేసే దిగాలని తెలిసి మిగతావాళ్ళు లాకర్ల దగ్గరే ఆగిపోయారు. ఉదయలక్ష్మి మాత్రం, ఇంతదూరం వచ్చి తలుపు చూసి వెళ్ళిపోతామా అని టవలు పక్కన పెట్టి నడిచి వెళ్ళింది. వెనకాలే ఆమె స్నేహితురాలు శ్యామసుందరి. పాయింట్ కుక్ చుట్టుపక్కల సగంమంది తెలుగువాళ్ళకి ఆవిడే డాక్టరు. గరుకు తొడుగు వేసుకున్న ఒకామె నలుగు పెట్టినట్టు ఒళ్ళంతా రుద్దిపెడితే, ఇద్దరూ ఎర్రగా, తేలిగ్గా, ఎంతో సంతోషంగా బయటికొచ్చారు.

సోమవారం దానో పండగ. కొరియాలో అది ఎండాకాలం మొదట్లో వస్తుంది. సిడ్నీలో చలి వణికించేస్తుంటే జరుపుకుంటారు. స్ట్రాత్‌ఫీల్డ్ దగ్గర ఒక పార్కులో అక్కడి కొరియన్ సంఘం వాళ్ళు డేరాలు వేశారు. లిఖిత ఆడవాళ్ళందరికీ హాన్‌బోక్‌లు అద్దెకి తెచ్చింది. పొట్టి జాకెట్టూ, చంకల కింద నుంచి పాదాల దాకా గుమ్మటంలా దిగే పావడా. ఉదయలక్ష్మికి వంకాయరంగుది వచ్చింది. తల్లి కోసం లిఖిత ఎండ తగిలేచోట ఒక మడత కుర్చీ కూడా వేయించింది.

ఆ కుర్చీలో ఉదయలక్ష్మి ఎంతోసేపు లేదు. పార్కు మధ్యలో పెద్ద ఉయ్యాల కట్టి ఉంది. తాటిచెట్టంత ఎత్తు స్తంభాలు రెండు, లావుపాటి తాళ్ళు, నిలబడటానికి ఒక పలక. ఎదురుగా బాగా ఎత్తులో, అడ్డంగా కట్టిన తాడుకి ఒక గంట, దాని కింద రంగు రిబ్బన్లు. ఊగుతూ ఊగుతూ పలక అంచుతో ఆ రిబ్బన్లని గట్టిగా తాకితే గంట మోగుతుంది. కొరియన్ అమ్మాయిలు ఒక్కొక్కరే ఎక్కి ప్రయత్నిస్తున్నారు.

కాసేపటికి ఒక పెద్దావిడ వచ్చింది. పేరు సున్‌జా. తెల్లటి జుట్టు, సన్నటి ఒళ్ళు, డెబ్బై దాటి ఉంటాయి. ఏటా ఆమె తన ఆడపడుచుతో కలిసి జంట ఉయ్యాల ఊగేదట. ఇద్దరు ఒకే పలక మీద ఎదురెదురుగా నిలబడి ఊగడం అది. ఆడపడుచు ఈ సంవత్సరం కొడుకు దగ్గరికి పెర్త్ వెళ్ళిపోయిందని లిఖిత కనుక్కుని చెప్పింది. సున్‌జా ఒక అమ్మాయిని ఎక్కించుకుంది. ఉయ్యాల పైకి వెళ్ళలేదు, పక్కలకి వంకర్లు తిరిగింది. అమ్మాయి భయపడి దిగిపోయింది. ఇంకో అమ్మాయి ఎక్కింది. మళ్ళీ అంతే.

ఉదయలక్ష్మికి తప్పెక్కడుందో కనిపిస్తూనే ఉంది. ఇద్దరూ ఒకేసారి మోకాళ్ళు వంచుతున్నారు. ఒకరు కుంగినప్పుడు ఒకరు లేవాలి. చిన్నప్పుడు ముమ్మిడివరంలో ప్రతి అట్లతద్దికీ తెల్లారకముందే నేరేడుచెట్టు కింద ఆమె చేసిన పని అదే. ఆ విద్య మోకాళ్ళలో ఇంకా ఉందని నిలబడ్డచోటే ఆమెకి తెలిసిపోయింది.

"నేను ఎక్కుతాను," అంది.

లిఖిత గాభరాపడింది. "మమ్, నో. ప్లేట్ తీసి ఎంతో కాలం కాలేదు. ప్లీజ్, జస్ట్ సిట్."

రాధాకృష్ణ ఉయ్యాల దగ్గరికి నడిచాడు. ఆయన స్ట్రక్చరల్ ఇంజినీరు. స్తంభాల చుట్టూ తిరిగాడు, అడుగున బోల్టులు చూశాడు, తాడు పట్టుకుని వేలాడినంత పనిచేసి తిరిగొచ్చాడు.

"ఫ్రేముకి ఢోకా లేదు. అయినా వద్దు ఉదయా."

"ఫ్రేము బాగుంటే ఇంక దేన్ని చూసి వద్దంటున్నారండీ?"

"నీ చేతిని చూసి."

ఆమె శ్యామసుందరి వైపు తిరిగి చెయ్యి చాపింది. "నువ్వు చెప్పు శ్యామసుందరీ. ఫ్రెండులా కాదు, డాక్టరులా చెప్పు."

శ్యామసుందరి మణికట్టు అటూ ఇటూ తిప్పి చూసింది. తన రెండు వేళ్ళు అందించి గట్టిగా నొక్కమంది. ఉదయలక్ష్మి నొక్కింది. డాక్టరు మొహం చిట్లించి వేళ్ళు లాక్కుంది.

"చెయ్యి బాగానే ఉందండీ రాధాకృష్ణ గారూ. బాగై చాలా కాలమైంది. మీరే ఇంకా కోలుకోలేదు."

ఆయన పక్కకి జరిగాడు. ఉదయలక్ష్మి పావడా చుట్టూ తిప్పి నడుముకి బిగించి కట్టుకుని, ఉయ్యాల వైపు నడిచింది.

లిఖిత వెంటవెళ్ళి, మనసాగక, మా అమ్మకి చెయ్యి విరిగిందని కొరియన్‌లో చెప్పేసింది. సున్‌జా ఆ చెయ్యి పట్టుకుని మచ్చ మీద బొటనవేలితో రాసింది. చేతిని తాడుకి కలిపి కట్టే గుడ్డపట్టీని ఒకటికి రెండు చుట్లు చుట్టి ముడేసింది. తరవాత ఏదో అడిగింది.

"ఇంతకుముందు ఊగావా అని అడుగుతున్నారు," అంది లిఖిత. "వాట్ షుడ్ ఐ టెల్ హర్?"

"అట్లతద్దికి ఊగేదాన్నని చెప్పు."

"కొరియన్‌లో అట్లతద్దిని ఏమనాలి?"

"ఆడపిల్లల ఉయ్యాల పండగని చెప్పు. వాళ్ళదీ అదేగా."

సున్‌జా విని నవ్వి, పలక మీద పక్కకి జరిగి చోటిచ్చింది.

మొదటి రెండు ఊపులూ నెమ్మదిగా సాగాయి. మూడోసారి వెనక్కి లేచినప్పుడు కాళ్ళ కింద నుంచి నేల జారిపోయినట్టై, బాత్రూము గచ్చు కళ్ళముందుకొచ్చింది. తాడు మీద వేళ్ళు బిగుసుకున్నాయి. ఎదురుగా సున్‌జా మొహం మాత్రం ఏమీ పట్టనట్టు ప్రశాంతంగా ఉంది. ఆవిడ కుంగింది. ఉదయలక్ష్మి లేచింది. ఉదయలక్ష్మి కుంగింది. ఆవిడ లేచింది. అంతే, ఇంక ఆలోచించాల్సింది ఏమీ లేకపోయింది. బిగించి కట్టినా పావడాలు గాలికి బుడగల్లా ఉబ్బాయి. డేరాల కప్పులు కిందికి దిగిపోయాయి. సున్‌జా ఏదో ఒక్క ముక్క అంటోంది, ప్రతి ఊపుకీ అదే ముక్క. భాష తెలియకపోయినా ఇంకా, ఇంకా అంటోందని ఉదయలక్ష్మికి అర్థమైంది. బలమంతా కూడదీసుకుని పలకని తొక్కింది. రిబ్బన్లు కదిలాయి, గంట మోగలేదు. మళ్ళీ తొక్కింది. ఈసారి మోగింది. తరవాతి ఊపుకి ఇంకా గట్టిగా మోగింది.

దిగి, పట్టీ విప్పుకుని, గుప్పిట మూసి తెరిచి చూసుకుంది, నొప్పి లేదు. సున్‌జా ఆమెని వదలకుండా పక్క డేరాలోకి లాక్కెళ్ళింది. అక్కడ గంగాళాల్లో ఏవో ఆకులు మరిగించిన నీళ్ళున్నాయి. దానోనాడు ఆడవాళ్ళు వాటితో తల కడుక్కుంటారట. ఉదయలక్ష్మి వంగి వాసన చూసింది. వస. ఇంట్లో పసిపిల్లలకి మాటలు బాగా రావాలని అరగదీసి నాలుకకి రాసే వసకొమ్ము వాసనే. ఆ సంగతి సున్‌జాకి తెలుగులోనే చెప్పింది, ఆవిడ కొరియన్‌లో జవాబిచ్చింది. లిఖిత పక్కనే ఉన్నా ఇద్దరూ ఆమెని పట్టించుకోలేదు. తడిజుట్లు ఆరబెట్టుకుంటూ, బియ్యప్పిండి బిళ్ళలు తింటూ, రాధాకృష్ణ తెచ్చి వేసిన కుర్చీలు అలాగే ఉండగా నిలబడే కబుర్లు చెప్పుకున్నారు.

తిరుగు ప్రయాణంలో, సగం దారిలో ఉన్న గుండగై ఊరు దాటారు. అప్పుడు రాధాకృష్ణ బేకరీ సంచీ మీద ఏదో గీయడం మొదలుపెట్టాడు.

"అక్టోబరులో అట్లతద్దికి మనవాళ్ళు ఉయ్యాల కట్టమంటారు. కౌన్సిలువాళ్ళు చెట్లకి కట్టనివ్వరు," అన్నాడు. "స్టీలు ఫ్రేము చెయ్యాలి. అటు రెండు, ఇటు రెండు కాళ్ళు పెడితేగానీ మీ ఊపుకి ఆగదు."

"జంటగా ఊగేట్టు పలక వెడల్పు పెట్టండి," అంది ఉదయలక్ష్మి.

అక్టోబరులో పాయింట్ కుక్ కమ్యూనిటీ సెంటరు వెనక మైదానంలో ఆ ఫ్రేము నిలబడింది. లిఖిత ఫోను చేసి పిలిస్తే, ముందురోజు విమానానికే సిడ్నీ నుంచి సున్‌జా దిగింది. పొద్దున్నే గోంగూర పచ్చడితో పెరుగన్నం తిని, కారానికి కళ్ళు తుడుచుకుంటూనే మళ్ళీ పెట్టించుకుంది. వీధిలోని ఆడపిల్లలందరికీ మోకాళ్ళు ఎప్పుడు వంచాలో చేత్తో చూపించింది. ముందు ఎవరు ఎక్కుతారంటే అందరూ ఉదయలక్ష్మి వైపే చూశారు. ఆమె పలక మీద నిలబడి రెండోవైపుకి లిఖితని పిలిచింది. లిఖిత కాసేపు తటపటాయించి ఎక్కింది. రాధాకృష్ణ ఇద్దరి కాళ్ళూ కుదిరాయో లేదో చూసి, ఉయ్యాలని వెనక్కి ఒక అడుగు లాగి, గట్టిగా తోశాడు.