కుడి మణికట్టులో పద్నాలుగు నెలల ఏలుబడి

నేను ఒక టైటానియం పట్టీని. జానెడైనా లేను, అయినా ఒక రాజ్యాన్ని ఏలాను. ఆ రాజ్యం ఆత్రేయపురం వరహాలమ్మ కుడి మణికట్టు.

కర్మాగారంలో నాకు ఎనిమిది రంధ్రాలు పొడిచి, వంగరాదన్న ఏకైక రాజధర్మాన్ని ఉపదేశించి పంపారు. నేను రాకముందు అక్కడ అరాచకం. కీలులోని మెత్తని పొర అరిగిపోయి, చిన్న చిన్న ఎముకలు కలహించే సామంతుల్లా ఒకదానినొకటి రాచుకునేవి. ఆ యుద్ధాలకు కప్పం కట్టేది వరహాలమ్మ, నొప్పి రూపంలో.

డాక్టర్ హేమనళిని బల్లమీది పెట్టెలోంచి నేనంతా విన్నాను.

"రెండు దారులున్నాయి. మూడు ఎముకలు తీసేస్తే సగం వంపు మిగులుతుంది, కాస్త నొప్పి ఉండొచ్చు. ఈ ప్లేటు వేసి ఎముకలన్నీ అతికిస్తే నొప్పి పోతుంది, కానీ మణికట్టు ఇక వంగదు. ఆవిడ ఏం పని చేస్తారండీ?"

అడిగింది భర్త గంగరాజును.

"పనేటుందండి, ఇంటికాడే ఉంటాది."

ఆ ఇంటి ముందు 'గంగరాజు పూతరేకులు' అన్న బోర్డు వేలాడుతుంది. ముప్పై ఏళ్లుగా రేకులు తీసేది వరహాలమ్మ. పిండినీళ్లలో ముంచిన గుడ్డను కాగిన కుండ వీపున పరిచి, మణికట్టుతో ఒక్క విదిలింపు విదిలిస్తే పొరలాంటి రేకు లేస్తుంది. గంగరాజు అబద్ధమాడలేదు. గడప దాటనిదాన్ని పని అనవచ్చునని ఆయనకెవరూ చెప్పలేదు, అంతే.

"నొప్పి పోతే చాలండి" అంది వరహాలమ్మ. నాకు పట్టాభిషేకం జరిగింది.

నా పాలనలో సామంతులందరూ కరిగి ఒక్క ఎముకయ్యారు. నొప్పి దేశం విడిచిపోయింది. ఆమె నిండు బిందె ఎత్తినప్పుడల్లా నేను గర్వపడ్డాను. ఆరో నెలలో ఆమె కుండ ముందు కూర్చుంది. గుడ్డ ముంచింది, పరిచింది, లాగింది. మోచెయ్యి కదిలింది, భుజం కదిలింది, నేను కదలలేదు. రేకు చిరిగి కుండకు అంటుకుంది. మళ్ళీ లాగింది. పొయ్యి చల్లారేదాకా ఒక్క రేకూ నిలవలేదు.

"అలవాటు తప్పింది గదా, వచ్చేత్తాదిలే అక్కా" అంది తోడికోడలు భూలక్ష్మి.

"ఎవరో చెయ్యి పట్టుకుని ఆపుతున్నట్టుందే."

ఆ ఎవరో నేనే.

పద్నాలుగో నెలలో, నేను నరాలకు ఒరుసుకుంటున్నానని, నన్ను తీసివేయాలని డాక్టరు తేల్చింది. వరహాలమ్మ ముఖం వెలిగింది.

"అది తీసేత్తే మళ్ళీ వంగుద్దాండీ?"

"ఎముకలు అతుక్కుపోయాయమ్మా, ఇక వంగదు. మీరు రేకులు తీస్తారని ఆ రోజే తెలిస్తే మూడు ఎముకల దారే పట్టేదాన్ని. అడిగాను కూడా."

"అడిగారండి. ఆయన్ని."

గంగరాజు కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు.

ఇప్పుడు నేను ఆమె మంచం పక్కన ఒక ప్లాస్టిక్ డబ్బాలో ఉన్నాను. నిన్న కట్టు విప్పారు. ఆమె అందరూ వెళ్ళేదాకా ఆగి, అరచేతిని మెల్లగా కిందికి వంచబోయింది. లోపల నేను లేను. అయినా వంగలేదు.